చనిపోయిన భర్త గొంతు వినిపించడం జబ్బేనా: చెన్నై నుంచి ఒక కేస్ స్టడీ

చెన్నైలోని ఒక చిన్న మానసిక ఆరోగ్య కేంద్రంలో నేను క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఒక స్త్రీ అనుభవాన్ని జబ్బు అనాలా వద్దా అన్న విషయంలో ఆమె ఇంట్లోవాళ్లు, ఆమెను అంతకుముందు చూసిన వైద్యుడు, మా కేంద్రంలోని సైకియాట్రిస్టు, నేను, చివరకు మేము రోజూ తిరగేసే ప్రామాణిక గ్రంథాలు కూడా ఒక్క మాట మీదికి రాలేదు. అయినా ఆమెకు అందవలసిన సాయం ఆ తగువు తీరేదాకా ఆగడానికి వీల్లేకపోయింది. నిర్ధారణ తేలకముందే చికిత్స ఎక్కడ మొదలుపెట్టవచ్చో ఈ కేసు స్పష్టంగా చూపించింది కాబట్టి ఆమె, ఆమె కుటుంబం అనుమతితో రాస్తున్నాను. ఊరు, వయసు, వ్యాపారం, బంధువుల వివరాలను గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను. చికిత్సలో ఏది ఎందుకు చేశామన్న క్రమాన్ని మాత్రం మార్చలేదు.

నేపథ్యం

ఆమెకు 60 ఏళ్లు దగ్గరపడుతున్నాయి. పెళ్లయిన కొత్తలో నెల్లూరు వైపు పల్లె నుంచి భర్తతో చెన్నై ఉత్తర శివారుకు వచ్చారు. ఇద్దరూ కలిసి పెట్టుకున్న ఇనుప సామాను కొట్టు ఆ కుటుంబాన్ని దాదాపు 30 ఏళ్లు పోషించింది. కొట్టులో కూర్చునేది ఆయనే అయినా లెక్క ఆమెది. పగలంతా ఆయన చిత్తు కాగితాల మీద రాసిపెట్టిన అరువులను రాత్రి చిట్టాలోకి, అక్కడి నుంచి ఒక్కొక్కరి ఖాతా విడిగా ఉండే ఆవర్జాలోకి ఎక్కించేవారు. ఏ మేస్త్రీ ఎంత బాకీ ఉన్నాడో పుస్తకం తెరవకుండానే చెప్పగలిగేవారు. రాత్రి కొట్టు మూసే వేళకు ఆయన అడిగే మాటలు రెండే: "బాకీలు రాశావా? గల్లా తాళం వేశావా?"

ఆయన ఒకనాటి మధ్యాహ్నం కొట్టులోనే గుండెపోటుతో పోయారు. మూడో నెలలో కొడుకు ఆ కొట్టును ఒక కొరియర్ ఆఫీసుకు అద్దెకిచ్చి, మిగిలిన సరుకును టోకున అమ్మేసి, లెక్కల పుస్తకాలను అటక మీద పెట్టించాడు. అతను చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎమ్ఆర్ రోడ్డులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. తల్లికి విశ్రాంతి ఇస్తున్నానన్న సదుద్దేశంతోనే ఆ పని చేశాడు. అంతకుముందు ఆమెకుగానీ, పుట్టింటివైపుగానీ మానసిక వ్యాధి చరిత్ర ఏదీ లేదు. రక్తపోటుకు మాత్రం మాత్రలు వాడుతున్నారు.

తీసుకొచ్చిన సమస్య

కొట్టు ఖాళీ చేసిన కొద్ది వారాలకే భర్త గొంతు వినిపించడం మొదలైంది. రాత్రి 9 గంటల ప్రాంతంలో, ఆయన ఎప్పుడూ అడిగే ఆ రెండు ప్రశ్నలే, ఆయన అడిగే తీరులోనే వినిపించేవి. ఆమె జవాబు చెప్పేవారు. ఇంట్లో ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఏడో నెలలో ఒక అర్ధరాత్రి ఆమె ఒంటరిగా నాలుగు వీధులు దాటి వెళ్లి, కొరియర్ ఆఫీసు షట్టర్ తాళాన్ని లాగి చూస్తుండగా కాపలాదారు పట్టుకొని కేకలు వేశాడు. అలాంటిదే మరోసారి జరిగేసరికి కొడుకు భయపడిపోయాడు. మా దగ్గరికి వచ్చేనాటికి ఆయన పోయి పది నెలలైంది. అప్పటికి ఆమె బాగా చిక్కిపోయారు, తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటున్నారు, రక్తపోటు మాత్రలు ఒకరోజు వేసుకుంటే రెండురోజులు మానేస్తున్నారు.

మొదటి రోజు ఆమెతో వచ్చిన ప్రతి ఒక్కరూ తమ తమ నిర్ధారణలతో వచ్చారు. కొడుకు ఇంటర్నెట్‌లో చదివి సైకోసిస్, అంటే వాస్తవంతో పట్టు తప్పే తీవ్ర మానసిక వ్యాధి, అని తేల్చుకున్నాడు. భర్త అక్కగారైన వదిన, కర్మకాండ హడావిడిగా విద్యుత్ దహనవాటికలో ముగించడం వల్ల తమ్ముడి ఆత్మ ఇంకా ఇల్లు వదలలేదని గట్టిగా నమ్ముతున్నారు. కోడలు మాత్రం, "అత్తయ్యకు పొద్దు గడవడం లేదండీ, అంతకుమించి నాకేమీ కనిపించడం లేదు," అంది. ఆమె తన సంగతిని ఇలా చెప్పారు: "ఆయన పలకరిస్తున్నారు కాబట్టే బతికున్నాను డాక్టరమ్మా. ఆ పలకరింపు కూడా పోతే అప్పుడు నిజంగా పిచ్చెక్కుతుంది."

అప్పటికే చేసి చూసినవి

మొదట చూసిన వైద్యుడు సైకోసిస్‌గా భావించి దానికి వాడే రిస్పెరిడోన్ మందు మొదలుపెట్టి, గొంతు తగ్గకపోవడంతో మోతాదు పెంచారు. ఒక పెద్దవయసు స్త్రీ లేని గొంతు వింటూ, దాని మాట పట్టుకొని అర్ధరాత్రి రోడ్డు మీదికి వెళ్లిందని విన్న ఏ వైద్యుడైనా ఆ దిశగా ఆలోచించడం సహజమే. అయితే గొంతు అలాగే ఉండిపోయింది. చేతులు వణకడం, నడక బిగుసుకుపోవడం కొత్తగా వచ్చి చేరాయి. వణికే చేతితో తన సంతకం తనకే గుర్తు పట్టరాకుండా పోయిందని ఆమె చాలా బాధపడ్డారు. 30 ఏళ్లు లెక్కలు రాసిన చేతికి అది చిన్న నష్టం కాదు.

వదిన ఒక శాంతి చేయించి, ఆపైన మానసిక బాధలకు పేరుపడ్డ ఒక గుడిలో ఆమెను కొన్ని వారాలు ఉంచుదామన్నారు. దానికి మా అభిప్రాయం అడిగారు. మా రంగంలో ఈ ప్రశ్నకు రెండు జవాబులున్నాయి, రెండూ తమిళనాడు నుంచి వచ్చినవే. 2001 ఆగస్టు 6న, మానసిక రోగులను తీసుకెళ్లే దర్గా ఉన్న ఏర్వాడిలో, ఒక ప్రైవేటు ఆశ్రమంలో గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది రోగులు మంటల్లో చనిపోయారు. ఆ మరుసటి ఏడాదే, 2002లో, బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌కు చెందిన రఘురామ్ బృందం తమిళనాడులోని ఒక పల్లె గుడిలో బస చేసిన 31 మందిని పరిశీలించి, సగటున ఆరు వారాల బసలో, మందులేవీ ఇవ్వకుండానే, వాళ్ల లక్షణాల స్కోరు దాదాపు 20 శాతం తగ్గిందని ప్రచురించింది. అక్కడ ప్రత్యేకమైన పూజలేవీ జరగలేదు; తమను ఎవరూ తరమని, భయంలేని చోటే వాళ్లకు మేలు చేసిందని ఆ బృందం భావించింది. అందుకే మేము గుడి వద్దని అనలేదు, మూడు సంగతులు తేల్చుకొని వెళ్లమన్నాము. ఆమె తన ఇష్టంతో వచ్చి తన ఇష్టంతో తిరిగి రాగలగాలి, ఎవరినీ కట్టి ఉంచే చోటు కాకూడదు, అది చట్టం కూడా నిషేధించిన పని, మాత్రలు ఆగకూడదు. కోడలిని తోడు తీసుకొని వెళ్లి, కొద్ది రోజులకే వచ్చేశారు. గొంతులో మార్పేమీ లేదు. అయితే అక్కడ నలుగురితోపాటు పంక్తిలో కూర్చొని ఆమె కడుపునిండా తిన్నారని కోడలు చెప్పింది. ఫలించని ఆ ప్రయత్నం మాకు అందించిన విలువైన సమాచారం అదే, తర్వాత బాగా పనికొచ్చింది.

నిర్ధారణ దగ్గర మా ఆలోచన

ముందుగా శరీరం నుంచి రాగల కారణాలను చూశాము. థైరాయిడ్ సరిగానే ఉంది. బి12 తక్కువగా ఉంటే సరిచేశాము. వినికిడి పరీక్షలో రెండు చెవులకూ మధ్యస్థ లోపం తేలింది. పెద్దవయసులో వినికిడి తగ్గినవాళ్లకు లేని శబ్దాలు వినిపించడం అరుదు కాదు కాబట్టి దీన్ని పక్కన పెట్టలేము. మతిమరపు జబ్బు తొలిదశేమోనన్న అనుమానంతో జ్ఞాపకశక్తి పరీక్షలు చేశాము. అన్నీ బాగున్నాయి. ప్రశ్నపత్రాల కన్నా ఎక్కువ చెప్పింది మరొకటి: బాకీదారుల గురించి అడిగినప్పుడు ఆమె పేర్లు, మొత్తాలు, ఏ ఇంటి పని కోసం ఎన్ని కిలోల కంబీ పట్టుకెళ్లారో వరసగా చెప్పారు. అటక మీది పుస్తకం దింపించి కోడలు సరిచూస్తే ఒక్క అంకె కూడా తప్పలేదు.

ఇక ఆ గొంతు సంగతి. 1971లో డెవీ రీస్ అనే వైద్యుడు వేల్స్ ప్రాంతంలో భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని అడిగితే, దాదాపు సగం మంది చనిపోయినవాళ్ల ఉనికిని ఏదో ఒక రూపంలో అనుభవించామన్నారు. గొంతు విన్నవాళ్లు వందకు 13 మంది. చాలామందికి అది ఓదార్పుగానే ఉంది, ఎక్కువమంది అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు. దీన్నిబట్టి మా స్త్రీ అనుభవం శోకంలో మామూలుగా జరిగేదే అని తీర్పు చెప్పేయవచ్చు. కానీ అదే తూకంలో రెండోవైపు పెట్టవలసిన అధ్యయనం చెన్నైలోనే జరిగింది. మానవశాస్త్రవేత్త తాన్యా లూర్మన్ బృందం 2015లో ప్రచురించిన పరిశీలనలో అమెరికాలోని శాన్ మటేయో, ఘనాలోని అక్రా, మన చెన్నైల నుంచి 20 మంది చొప్పున గొంతులు వినే రోగులను ప్రశ్నించారు. చెన్నైవాళ్లలో సగానికి పైగా విన్నవి బంధువుల గొంతులు. ఆ గొంతులు ఇంటిపనులు పురమాయించేవి. వాళ్లంతా తీవ్రమైన సైకోసిస్ ఉన్నవాళ్లే. కాబట్టి గొంతు ఆప్తులది, మాట సౌమ్యమైనది అన్నంత మాత్రాన జబ్బు లేదని ఈ నగరంలో పనిచేసే మేము అనుకోవడానికి వీల్లేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవని వైద్యుడు ఏదో ఒక వైపు తొందరపడతాడని నా అభిప్రాయం.

అందుకే గొంతు చెప్పే మాటలను వదిలి దాని చుట్టూ ఉన్నవాటిని చూశాము. ఇతర గొంతులేవీ లేవు. ఎవరో తనకు కీడు తలపెట్టారన్న అనుమానం లేదు. మాటలో, ఆలోచనలో తెగిపోవడం లేదు. ఆయన చనిపోయారన్న సంగతి ఆమెకు పూర్తిగా తెలుసు. మాసికాలు దగ్గరుండి పెట్టిస్తున్నారు. 60 దగ్గరపడ్డాక మొదటిసారి వచ్చి, ఒక్క మనిషికి, ఒక్క వేళకు, రెండు ప్రశ్నలకే పరిమితమైన ఈ అనుభవాన్ని సైకోసిస్ అనడానికి ఆధారం మాకు దొరకలేదు.

శోకమే జబ్బుగా మారిందా అన్నది ఇంకా చిక్కు ప్రశ్న. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న, ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టిక ఐసీడీ-11 దీర్ఘకాలిక శోక రుగ్మతకు కనీసం ఆరు నెలల గడువు పెట్టింది. అదే ఏడాది మార్చిలో వచ్చిన, అమెరికా సైకియాట్రిస్టుల సంఘం నిర్ధారణ గ్రంథం డీఎస్ఎమ్-5-టీఆర్ పెద్దవాళ్లకు 12 నెలలు అంది. మా దగ్గరికి వచ్చిన పదో నెలలో ఆమె మొదటి పుస్తకం ప్రకారం రోగి కావచ్చు, రెండో పుస్తకం ప్రకారం కాలేరు. ఐసీడీ-11లోనే మరో నియమం ఉంది: ఆ శోకం ఆ మనిషి సమాజపు, మతపు ఆచారాలలో మామూలుగా ఉండేదానికి స్పష్టంగా మించి ఉండాలి. వాళ్ల కుటుంబంలో సంవత్సరీకం పెట్టేదాకా ఇల్లాలు శుభకార్యాలకు వెళ్లదు, పండగ చేసుకోదు, శోకంలో ఉండటమే మర్యాద. ఆ లెక్కన ఆమె గడువు ఇంకా రెండు నెలలుంది.

మా సైకియాట్రిస్టు ఆలోచన వేరు. నిద్రలేమి, బరువు తగ్గడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం చూసి ఆయన దీన్ని డిప్రెషన్ కిందికే తెచ్చారు. ఆప్తులు పోయిన మొదటి రెండు నెలల్లో సాధారణంగా డిప్రెషన్ నిర్ధారించవద్దన్న పాత మినహాయింపును 2013లో డీఎస్ఎమ్-5 తొలగించిందని, ఇక్కడైతే ఆ రెండు నెలలూ ఎప్పుడో దాటాయని గుర్తుచేశారు. నా సందేహం ఆమె స్వాభిమానం చెక్కుచెదరలేదన్న దగ్గర వచ్చింది. తాను పనికిరానిదాన్నని ఆమె ఒక్కసారీ అనలేదు. తన పనిని తన చేతిలోంచి తీసేశారని అన్నారు. మేమిద్దరం చాలాసేపు వాదించుకొని, నిర్ధారణ గడిలో పరిశీలనలో ఉందని రాసి, ఎందుకు వాయిదా వేశామో కారణాలు కింద నమోదు చేశాము. ఎలాంటి పేరు పెట్టినా ప్రమాదంగానే ఉండే మూడు సంగతుల మీద వెంటనే పని మొదలుపెట్టాలని నిర్ణయించుకున్నాము: అర్ధరాత్రి బయటికి వెళ్లడం, తిండి, రక్తపోటు మాత్రలు. గొంతును పోగొట్టడం మా లక్ష్యాలలో చేర్చలేదు.

ఫలించనివి

వినికిడి యంత్రం ఇప్పించాము. చాలాకాలం అది బీరువాలోనే ఉండిపోయింది. రాత్రి వీధి తలుపుకు లోపల తాళం వేసి కొడుకు తాళంచెవి దాచుకుంటే ఆమె రాత్రంతా తలుపు దగ్గరే కూర్చున్నారు. ఒక్కరోజుతో ఆ పద్ధతి ఆపించాము.

శోకానికి ప్రత్యేకంగా రూపొందించిన మానసిక చికిత్సకు మంచి ఆధారాలున్నాయి. కేథరిన్ షియర్ బృందం 2005లో ప్రచురించిన పోలికలో ఆ చికిత్స పొందినవాళ్లలో 51 శాతం మంది మెరుగుపడగా, మనుషుల మధ్య సంబంధాల మీద పనిచేసే మామూలు అంతర్వ్యక్తిగత చికిత్సలో 28 శాతం మందే మెరుగుపడ్డారు. మరణం జరిగిన ఘట్టాన్ని నోటితో మళ్లీ చెప్పించి, ఆ రికార్డును ఇంటి దగ్గర వినిపించడం అందులో ముఖ్యభాగం. ఆమె దానికి ఒప్పుకోలేదు. ఏడాది తిరిగేలోగా ఆ రోజు మాట నోట ఎత్తకూడదని వాళ్ల అమ్మ చెప్పిందట. బలవంతపెడితే ఆమె రావడం మానేస్తారని గ్రహించి ఆ భాగం వదిలేశాము. అదే చికిత్సలో, పోయినవాళ్లతో ఊహలో మాట్లాడించే మరో భాగం కూడా ఉంది. మేము నేర్పవలసిన ఆ మాటలు ఆమె ప్రతి రాత్రీ తనంతట తానే ఆడుతున్నారన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. ఆ సంభాషణ ప్రతిరాత్రీ ప్రశ్న దగ్గరే ఎందుకు ఆగిపోతోందన్నది అక్కడి నుంచి మా అసలు ప్రశ్న అయింది.

ఫలించినవి

ఆయన బాకీలు రాశావా అని అడుగుతున్నారు, ఆమె రాయలేదు. గల్లా తాళం వేశావా అని అడుగుతున్నారు. గల్లా ఆమె దగ్గర లేదు. ఇన్నాళ్లూ ఆమె ఇస్తున్న జవాబు, "నా చేతిలో లేదండీ," అన్నది ఒక్కటే. ఇది తెలిశాక అటక మీది పుస్తకాలన్నీ కిందికి దింపమని కొడుకును అడిగాము. మొదట అతను ససేమిరా అన్నాడు. అమ్మను మళ్లీ అందులోకే తోస్తున్నారని, వసూలు కాని ఆ బాకీలను తాను ఎప్పుడో వదిలేశానని అన్నాడు. ఒక నెల చూసి, ప్రయోజనం లేకపోతే మళ్లీ అటక ఎక్కిద్దామన్న షరతు మీద ఒప్పుకున్నాడు.

ఇనప్పెట్టె లాంటి పాత గల్లా కూడా ఇంటికి వచ్చింది. సాయంత్రాలు కోడలు పక్కన కూర్చొని ఒక్కో మేస్త్రీకి ఫోన్ కలిపి ఇస్తే, ఆమె ఖాతా చూసి మాట్లాడేవారు. ఫోన్‌లో మాట సరిగా వినపడటం లేదని బీరువాలోని వినికిడి యంత్రాన్ని తానే తీసి పెట్టుకున్నారు. కొందరు వచ్చి డబ్బు కట్టి వెళ్లారు, కొందరు వాయిదాలు అడిగారు, కొందరు ఫోనే ఎత్తలేదు. రాత్రి 9కి ఆనాటి జమ రాసి, గల్లాకు తాళం వేసి, పైకి వినపడేలా "రాశానండీ, తాళం వేశాను," అని చెప్పి పడుకోవడం అలవాటు చేసుకున్నారు. ఆ తర్వాత ఆమె కొరియర్ ఆఫీసు వైపు వెళ్లలేదు.

గుడిలో కనిపించిన సూచన ఆధారంగా, రాత్రి భోజనం ఆమె ఒక్కరికే విడిగా వడ్డించకుండా ముగ్గురూ కలిసి తినాలని నిర్ణయించుకున్నారు. కొడుకు ఆఫీసు నుంచి రావడం ఆలస్యమైతే కోడలు ఆగేది. రక్తపోటు మాత్రను ఆ భోజనానికి జోడించాము. సైకియాట్రిస్టు రిస్పెరిడోన్‌ను కొన్ని వారాలలో మెల్లగా తగ్గించి ఆపారు. గొంతు ఎక్కువైనా, కొత్త గొంతు వచ్చినా తిరిగి మొదలుపెడదామన్న ఏర్పాటుతోనే ఆ పని చేశారు. ఆ అవసరం రాలేదు, చేతి వణుకు తగ్గింది. నిద్రకు, ఆకలికి డిప్రెషన్ మందు మిర్టజాపైన్ 7.5 మిల్లీగ్రాములు కొంతకాలం ఇచ్చారు. మెరుగుదలలో మందు వాటా ఎంతో, లెక్కల పుస్తకం వాటా ఎంతో, కాలం గడవడం వాటా ఎంతో విడదీసి చెప్పే ఆధారం ఒక్క కేసులో ఉండదు. అర్ధరాత్రి ప్రయాణాలు మాత్రం మిర్టజాపైన్ మొదలుకాకముందే ఆగాయి.

సర్టిఫికెట్ అడిగినప్పుడు

చికిత్స మధ్యలో కొడుకు ఒక సర్టిఫికెట్ అడిగాడు. కొట్టు స్థలాన్ని అమ్మాలంటే తల్లి సంతకం కావాలి. ఆమె మతిస్థిమితం గురించి కాగితం ఉంటే పని తేలికవుతుందని ఎవరో బ్రోకరు చెప్పాడట. అతనిలో దురాశ నాకు కనిపించలేదు, బ్యాంకు అప్పు ఒత్తిడి కనిపించింది. కానీ ఒక అనుభవాన్ని జబ్బు అనడం వల్ల మనిషికి ఏమేమి జరగవచ్చో దీనికన్నా సూటిగా చూపే ఉదాహరణ నాకు తెలియదు. మొదటి వైద్యుడి చీటీ మీది సైకోసిస్ అన్న ఒక్క మాట, చికిత్స గది దాటి ఆమె ఆస్తిహక్కు దాకా వెళ్లింది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 3వ సెక్షన్‌ను అతనికి వివరించాను. మానసిక వ్యాధి నిర్ధారణ అయినంత మాత్రాన, కోర్టు అలా ప్రకటిస్తే తప్ప, మనిషిని మతిస్థిమితం లేనివాడిగా పరిగణించకూడదని ఆ సెక్షన్ చెబుతోంది. సమాజపు విలువలకో మత విశ్వాసాలకో భిన్నంగా ఉండటాన్ని వ్యాధికి ఆధారంగా తీసుకోకూడదనీ చెబుతోంది. ఆ తర్వాత ఆమెను కూర్చోబెట్టి అమ్మకం విషయం నేరుగా అడిగాము. ధర ఎంత, అద్దె ఎంత, అప్పు మీద వడ్డీ ఎంత అని ఆమె తిరిగి అడిగారు. వేళ్ల మీద లెక్కవేసి, ఇప్పుడు అమ్మవద్దని, అద్దె మొత్తాన్ని అప్పుకు కట్టమని కొడుక్కి చెప్పారు. ఆమె నిర్ణయ సామర్థ్యం గురించి నేను రాయవలసిందంతా ఆ సంభాషణలోనే ఉంది. అదే రాశాను.

ఈ కేసు తర్వాత మా పనిలో వచ్చిన మార్పు

ఇది జబ్బా కాదా అన్న ప్రశ్నను మేము ఇప్పుడు మూడుగా విడదీసి అడుగుతున్నాము: అనుభవం ఏమిటి, దానివల్ల ఎవరికి ఏ హాని జరుగుతోంది, పేరు పెడితే ఆ మనిషికి ఏమి వస్తుంది, ఏమి పోతుంది. ఈమె విషయంలో అనుభవం ఓదార్పునిచ్చింది, హాని రాత్రి రోడ్డు మీద, ఖాళీ కంచంలో ఉంది, పేరు వల్ల వచ్చేదానికన్నా పోయేది ఎక్కువ కనిపించింది. మరొకరిలో ఈ మూడింటి జవాబులు తిరగబడవచ్చు. గొంతు విని భయంతో వణికిపోతూ, పేరు పెట్టి మందిస్తే ఊపిరి పీల్చుకున్నవాళ్లను కూడా నేను చూశాను, వాళ్లకు ఆ పేరు ఇవ్వడంలో ఆలస్యం చేయకూడదు. కాబట్టి శోకంలో వినే గొంతు ఎప్పుడూ జబ్బు కాదని ఈ కేసును ఉదాహరించడం నాకు ఇష్టం లేదు. పైగా కుటుంబంలోని నాలుగు అభిప్రాయాలలో ఏదీ పూర్తిగా వ్యర్థం కాలేదు. కొడుకు భయం వల్లనే ఆమె వైద్యం దాకా వచ్చారు, వదిన పట్టుదల వల్ల భోజనం సంగతి తెలిసింది, కోడలి మాట అసలు చోటు చూపింది, ఆమె సొంత మాట హద్దు గీసింది.

ప్రస్తుత స్థితి

సంవత్సరీకం వదిన ఆధ్వర్యంలోనే జరిగింది. దానికి ముందు రోజు ఆమె వసూలైన బాకీలకు గీత కొట్టి, రానివాటిని వేరే పేజీలోకి మార్చి ఆవర్జా మూశారు. బరువు కొంత తిరిగి వచ్చింది. వేకువజామున లేవడం పూర్తిగా పోలేదు. ఏడాది దాటాక ఆయన పోయిన రోజు గురించి ఆమె తనంతట తాను మాట్లాడారు, కాబట్టి అప్పుడు వదిలేసిన చికిత్స భాగాన్ని ఇప్పుడు మెల్లగా చేస్తున్నాము. రెండు గ్రంథాల గడువులూ దాటిన ఈనాటికి ఆమె రోజువారీ జీవితం రుగ్మత నిర్వచనంలో ఇమడటం లేదని సైకియాట్రిస్టు, నేను ఇద్దరం అంగీకరించాము. గొంతు అప్పుడప్పుడు వినిపిస్తూనే ఉంది. కొడుకు ఇప్పటికీ ఆ సంగతి వచ్చినప్పుడు ఇబ్బందిపడతాడు. గొంతు బెదిరించడం మొదలైనా, లేని మనుషులు కనిపించినా, లెక్కల్లో ఎన్నడూ లేని తప్పులు దొర్లినా, నడక మళ్లీ బిగుసుకుపోయినా, వీటిలో కొన్ని లూయీ బాడీ తరహా మతిమరపు జబ్బుకు తొలి సూచన కావచ్చు కాబట్టి, రివ్యూ తేదీ దాకా ఆగకుండా తీసుకురమ్మని కోడలికి చెప్పి, ఆ నాలుగు గుర్తులనూ తెలుగులో రాసి ఇచ్చాము.